జయమణి రెండు చోట్లా అడిగింది

కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కుకు తగిలితే చాలు, జయమణి గుర్తొస్తుంది. ఆ పొగ పక్కనే పలాసలోని మా ఆస్పత్రి కంప్యూటర్ల గదిలోకి రాకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కించేది. కుక్కేవాణ్ణి నేనే. సముద్రం మీద చేపల వేట మానేసి అక్కడ అటెండరుగా చేరేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. నా కూతురి వయసున్న ఆ ఇంజినీరు మిషన్ల మీది పేర్లతోనే నాకు చదువు చెప్పింది. ఊహించి చదివితే ఊరుకునేది కాదు.

"ఏటి బాబాయ్, నీకు తెలిసింది సదివేత్తన్నావు. అక్కడున్నది సదువు."

ఒకనాడు వజ్రపుకొత్తూరులోని మా డయాలసిస్ శాఖలో రోగుల ఫైళ్లుండే పాత సర్వరు తీసి కొత్తది పెట్టారు. పలాసలోని డాక్టరు అక్కడి రోగి ఫైలు చూసి ఊఁ అంటేనే డయాలసిస్ మొదలవుతుంది. మర్నాడు ఉదయం ఆ ఫైళ్లు ఒకసారి తెరుచుకుంటే పదిసార్లు మొరాయించాయి. ఆ శాఖలో డయాలసిస్ కుర్చీలో నా తమ్ముడు అప్పన్న. ఒక్క వాయిదా తప్పితే ఊపిరాడని మనిషి. ఫోను చేశాడు.

"మీ కంప్యూటర్ల కన్నా నా కిడ్నీలే నయం అన్నియ్యా! పోతే పోనాయి గాని, ఇలాగ వత్తా పోతా ఆడించనేదు."

నవ్వుతూనే ఫోను పెట్టేసి జయమణి దగ్గరికి పరిగెత్తాను. అన్నీ ఆపి మళ్లీ వేయమని మేనేజరు కేకలు.

"ఆపేత్తే జబ్బు దాక్కుంటాది సార్," అంది జయమణి.

మిషన్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కుంటాయి. ఏ పేరు ఎక్కడుందో చెప్పేవి డీఎన్ఎస్ సర్వర్లు. పలాస మిషన్ల పేర్ల గుంపు తల్లి డొమైను, దాని కింద శాఖ గుంపు పిల్ల డొమైను. పిల్ల చిరునామా మారితే తల్లి దగ్గరున్న రెండు డీఎన్ఎస్ సర్వర్లకూ తెలియాలి. ఒకదానికి చెబితే రెండోదానికి దానంతటదే చేరాలి.

"ఒకే పేరు రెండిట్నీ అడుగుదాం. ఆ రెండోదాని తెర ముందు కూకో బాబాయ్."

రెండు చోట్లా శాఖ సర్వరు పేరే కొట్టింది. తన తెర మీద కొత్త చిరునామా నంబరు. నేను అంకె అంకె కూడబలుక్కుని చదివితే నాది పాతది, తీసేసిన సర్వరుది.

"అదీ సంగతి. పిల్ల ఇల్లు మారింది, తల్లి దగ్గర ఒకదానికే కబురందింది. తెర మూల టైమెంతుందో సదువు."

చదివాను. గోడ గడియారం కంటే బాగా వెనకుంది. లోపలి చిన్న బ్యాటరీ పోయిందట. గడియారాలు కలవకపోతే ఒకదాని మాట ఇంకొకటి నమ్మదు, కబురు తీసుకోదు. జయమణి టైము సరిచేసి కబురు మళ్లీ పంపింది. డాక్టరు కంప్యూటర్లో మిగిలిన పాత జవాబులు తుడిపించింది. నన్ను మళ్లీ చదవమంది.

కొత్త నంబరు! వల బరువెక్కినప్పుడు పడవ మీద అరిచినట్టు అరిచాను. కాసేపటికి అప్పన్న ఫోను.

"మిషను ఆడతంది అన్నియ్యా. నీ అరుపు సముద్రం దాకా ఇనబడింది!"

మేనేజరు పొగడబోతే జయమణి నా వైపు తిరిగింది. "కిటికీ గుడ్డ ఊడింది బాబాయ్, పొగొత్తంది సూడు."

ఆమె బదిలీ అయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరి తగువు నా ముందుకొచ్చినా ఒకే ప్రశ్న ఇద్దర్నీ విడివిడిగా అడుగుతాను. అప్పన్న మందుల చీటీ నేనే చదువుతాను. ఎరిగిన మందే అయినా అక్షరం అక్షరం. తమ్ముడు విసుక్కుంటాడు. విసుక్కోనీ. విసుక్కోవడానికి ఉన్నాడు.