క్రిస్మస్ చెట్టుకు సంతకం

1959లో ధర్మవరం నుంచి బదిలీ అయి పెనుకొండ అటవీ రేంజర్‌గా చార్జి తీసుకున్నాను. రేంజర్ అంటే పులుల మధ్య తిరిగే మనిషని మా బంధువుల నమ్మకం. నా రోజులు మాత్రం వంటచెరకు, మేకలు, దరఖాస్తుల మధ్య గడిచేవి. రిజర్వు అడవిలోంచి ఒక చెట్టు బయటికి రావాలంటే కొట్టడానికి ఒక పర్మిట్, బండిమీద తీసుకెళ్లడానికి ఇంకొకటి, మొదలు మీద శాఖ సుత్తితో కొట్టిన ముద్ర ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా మా గార్డు బండి ఆపేస్తాడు.

ఆ డిసెంబరు మొదట్లో హిందూపురం నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. పంపినవారు అక్కడి క్రైస్తవ బాలికల హాస్టల్ వార్డెన్ మార్తమ్మగారు. పండక్కి పిలిచే ఇల్లు లేని పిల్లలు కొందరు తన దగ్గర ఉన్నారట. ఈ ఏడు చర్చిలో క్రిస్మస్ చెట్టు పెడతానని వాళ్లకు మాట ఇచ్చారట. అసలు క్రిస్మస్ చెట్టు పోలికే ఉంటుంది గనుక, చెరువు కింద మేము పెంచుతున్న సరుగుడు తోటలోంచి ఒక చెట్టు ఇప్పించమని అడిగారు.

దేవుడి రథానికో, ఉత్సవ పందిరికో కలప అడిగితే మాకొక పద్ధతి ఉండేది. ఇది మతకార్యానికేనని ఆ గుడి ధర్మకర్త సంతకం చేసిన కాగితం జతచేసి జిల్లా అటవీ అధికారికి పంపితే, ఆయన ఉచితంగా మంజూరు చేసేవారు. చర్చికీ అదే పద్ధతి చాలుననుకుని, పాస్టరుగారి సంతకం తెమ్మని జవాబు రాశాను. అక్కడే తప్పులో కాలేశాను.

మూడోరోజు ఆవిడా, పాస్టరుగారూ బస్సు దిగి ఆఫీసుకు వచ్చారు. సంతకం పెట్టనని చెప్పడానికే టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిని నా సర్వీసులో పాస్టరు సామ్యేలుగారిని ఒక్కరినే చూశాను. ఈ చెట్టు సంగతి బైబిల్లో ఎక్కడా లేదన్నారు. చలిదేశాల్లో మంచుకు అన్ని చెట్లూ ఆకు రాల్చినా ఒక జాతి చెట్టు మాత్రం పచ్చగా ఉంటుందనీ, క్రీస్తు పేరు వినకముందే అక్కడివాళ్లు దాని కొమ్మలు ఇంటికి తెచ్చుకునేవారనీ, తర్వాత జర్మనీలో క్రైస్తవులు దానికి కొవ్వొత్తులు పెట్టారనీ, దొరలతోపాటు అది ఇక్కడికి వచ్చిందనీ చెప్పారు. మన తాతలు చెట్లకు మొక్కడం మాని ఈ మతంలోకి వచ్చారు, మళ్లీ చర్చిలోకి చెట్టును తెస్తే ఎట్లా అన్నది ఆయన బాధ.

మార్తమ్మగారు ఊరుకోలేదు. "పెండ్లిపందిట్లో అరటిబోదెలు కడ్తాం గదా అయ్యగారూ, వాటికి మొక్కుతాండామా?" అన్నారు. పిల్లలు నెలరోజులుగా కాగితం చుక్కలు కత్తిరిస్తున్నారనీ, ఇప్పుడు లేదని చెప్పడానికి తనకు నోరు రాదనీ చెప్పారు.

ఇద్దరూ నావైపు చూశారు. శనివారాలు ఒక్కపొద్దుండే నేను, వాళ్ల మతంలో ఏది మతకార్యమో తీర్పు చెప్పాలి. ఏం చెయ్యాలో తోచక, ముందు చెట్టు చూద్దాం పదండన్నాను.

తోటలో నాకు గర్వకారణమైన చెట్టు చూపించాను. నిటారుగా, ఇరవై అడుగుల దాకా ఒక్క కొమ్మ లేకుండా పెరిగింది. మా శాఖలో అందమంటే అదే. మార్తమ్మగారు పెదవి విరిచి, "ఇదేంది సార్, గడకర్ర మాదిరి ఉండాది!" అన్నారు. ఆవిడ ఏరుకున్నది గట్టువార ఒంటరిగా పెరిగి, నేలదాకా కొమ్మలు దించుకున్న పొట్టి చెట్టును. కలప లెక్కలో అది దండగమారి చెట్టు, పైగా పక్కనున్న నారుకు ఎండ తగలనివ్వడం లేదు. రేంజరుగారికి పనికిరానిదే ఈమెకు నచ్చిందని పాస్టరుగారు మొదటిసారి నవ్వారు.

గార్డు ఓబులేసు గొడ్డలి పక్కన పెట్టి, ఆ చెట్టు మొదలు తాకి రెండు చేతులూ జోడించాడు. పాస్టరుగారి నవ్వు ఆగిపోయింది. "చూస్తిరా సార్? నా భయం ఇదే" అన్నారు. మార్తమ్మగారు తల దించుకున్నారు. చెట్టు చేజారిందనే అనుకున్నాను, ఓబులేసు మీద మండిపడ్డాను కూడా.

వాడు కంగారుపడలేదు. "మొక్కేది కాదు అయ్యా. బతికుండే చెట్టును కొడతాండాను. దానికి చెప్పకుండా ఎట్ల కొట్టేది?" అన్నాడు.

పాస్టరుగారు ఆ చెట్టు దగ్గరికి నడిచారు. "మా ఊరు రొద్దంలో మా అవ్వ కట్టెలకు పోతే ఇట్లనే చెప్తాండె. చర్చికి వచ్చినాంక గూడా మానలేదు" అన్నారు మెల్లగా. చర్చిలో మాత్రం వద్దు, హాస్టల్ వసారాలో పెట్టుకోమన్నారు. మతకార్యమని సంతకం పెట్టడం తన మనసుకు విరుద్ధమని మళ్లీ చెప్పారు.

సంతకం అక్కర్లేదని నాకప్పుడు తట్టింది. తోట పలచన చేసేటప్పుడు నారుకు అడ్డొచ్చే చెట్టును కొట్టించి, ఖరారు ధరకు ఇచ్చే అధికారం రేంజరుకే ఉంది. దానికి ఎవరి మతమూ రాయక్కర్లేదు. ఆ గడ్డిమీదే కూర్చుని రెండు పర్మిట్లూ రాసి, ఓబులేసు చెట్టు కొట్టాక మొదలు మీద ముద్ర కొట్టాను. పిలిపించిన బాడుగ బండి గట్టు దిగువన ఆగింది. చెట్టు ఎత్తే మనిషి కోసం ఓబులేసు అటూ ఇటూ చూస్తుండగా, సామ్యేలుగారు కోటు విప్పి మార్తమ్మగారి చేతికిచ్చి, బరువైన మొదలు వైపు తన భుజం పెట్టారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

సంతకం అడిగే ముందు మనిషిని చెట్టు దగ్గరికి తీసుకెళ్లాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఆఫీసు బల్ల దగ్గర ఆయన తన మతం తరఫున మాట్లాడారు, నేను నా శాఖ తరఫున మాట్లాడాను. తోటలోకి వచ్చాక ఆయనకు వాళ్లవ్వ గుర్తొచ్చింది, నాకు నా అధికారం గుర్తొచ్చింది. ఆ తర్వాత ఏ రేంజిలో ఉన్నా, చెట్టు చూడకుండా దరఖాస్తు తిరగ్గొట్టలేదు.