జోజి షెడ్డు, రాహేలు తాడు

మా గోదావరి మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది గానీ, ఆ మర్యాద చాటున ఎన్ని అబద్ధాలు కాపురం చేస్తున్నాయో ఎవరూ చెప్పరు. కూరలో ఉప్పు ఎక్కువై నాలుక మండుతున్నా "అమృతంలా ఉందండి" అంటాం. కుర్రాడు పరీక్ష తప్పితే "దిద్దినోడికి కళ్ళు లేవండి" అంటాం. ఎదుటి మనిషి మనసు నొచ్చకూడదు, అంతే. చెవులు పనిచేసేవాడికి ఈ మర్యాద ముద్దుగానే ఉంటుంది. జోజి లాంటి చెవిటి మెకానిక్కుకి మాత్రం నోటికాడి కూడు తీసేసే పని.

జోజిది రాజోలుకి మూడు మైళ్ళ దూరంలో కాలవగట్టు మీద ఇల్లు. కుర్రతనం నుంచి ఇరవై ఏళ్ళు రైసుమిల్లులో ఆయిలింజను తిప్పాడు. ఆ ఇంజను అతనికి పని నేర్పింది, చెవులు తీసుకుంది. నలభై దాటేసరికి పెళ్ళి బ్యాండు మేళం పక్కనుంచి వెళ్ళినా, వాయించేవాళ్ళ బుగ్గలు ఉబ్బడమే కనిపించేది. మిల్లు మానేసి ఇంటి పెరట్లో తాటాకుల షెడ్డు వేసుకుని, పొలాల పంపుసెట్లు, మోటారు సైకిళ్ళు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఇంజను బాగుచేసేది చెయ్యే గానీ, బాగయిందో లేదో తేల్చేది చెవి. అతను స్టార్టు చేసి, పెదవులు చదువుదామని రైతుల మొహాలు చూసేవాడు. "బానే ఆడతందండి జోజిగారూ" అనేవారు అందరూ. పొలం తీసుకెళ్ళాక అది ఆగిపోయేది. జోజికి ఆ మాట చెబితే బాధపడతాడని, చెప్పకుండా మలికిపురం మెకానిక్కు దగ్గరికి మోసుకుపోయేవారు.

అప్పుడు రంగంలోకి దిగింది రాహేలు, అతని పెళ్ళాం.

రాహేలుకి మర్యాద తెలియదు. తెలిసినా దాంతో పనిలేదనుకునే రకం. ప్రార్థనలో పాటెత్తిన పెద్దమనిషికి శ్రుతి తప్పితే గుడి బయటికొచ్చి మొహం మీదే చెప్పింది. ఆవిడ ఒకరోజు పొయ్యి ముందు నుంచి లేచొచ్చి, జోజి చేతిలో పొడుగు స్క్రూడ్రైవరు లాక్కుని, మొన ఇంజను మీదా, పిడి చెవికీ ఆనించుకుంది.

"జల్లెడలో ఇసక పోసి ఊపినట్టుంది. దీన్ని బాగుచేసేననుకుంటున్నావా? విప్పు," అంది.

విప్పాడు. బేరింగు పోయి ఉంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో చేతులు జోజివి, చెవులు రాహేలువి. ఆవిడకి పిస్టనూ వాల్వూ తెలియవు. తెలిసిందల్లా వంటిల్లే. "రోట్లో రాయి పడింది", "పెనం మీద నీళ్ళు చిందుతున్నాయి", "కొత్త కోడలి గాజులు మోగుతున్నాయి" అని చెప్పేది. గాజులంటే వాల్వు వదులని జోజికి తెలిసిపోయేది. ఇంజను స్టార్టు కాగానే అతను ఇంజన్ని చూసేవాడు కాదు, వంటింటి గుమ్మంలో నిలబడ్డ రాహేలు మొహం చూసేవాడు. మూతి విరిస్తే విప్పడం, తల ఊపితే అప్పగించడం. పదిహేనేళ్ళు అలాగే నడిచింది. ఊళ్ళో అందరి మాటా ఒక ఎత్తు, అది చెప్పిన మాట ఒక ఎత్తు అనేవాడు జోజి.

అతన్ని పిలవాలంటే ఎంత అరిచినా లాభం లేదు కదా. ఆ సంగతి తెలిసి కూడా రాహేలు రోజంతా అరిచేది, అది వేరే సంగతి. కాలవ అవతలి లోవమ్మ "వాళ్ళాయనకి చెవుడొచ్చింది గానీ, మాకెందుకు రాలేదో" అని నవ్వేది. ఆఖరికి జోజి ఒక ఏర్పాటు చేశాడు. వంటింటి కిటికీ నుంచి, పెరట్లో దడి గుంజ మీదుగా, షెడ్డు దూలం దాకా కొబ్బరి తాడు లాగి, దాని చివర ఒక పాత పిస్టను వేలాడగట్టాడు. రాహేలు అక్కడ లాగితే ఇక్కడ అతని కళ్ళ ముందు పిస్టను ఎగిరేది. అన్నానికి ఒకసారి, మనిషి వస్తే రెండుసార్లు, కోపమొస్తే ఎన్నిసార్లయినా.

ఎనభై ఆరులో గోదావరి వరద వచ్చింది. ఊళ్ళు మునిగాయి, తోటలు మునిగాయి, రాజోలులో డాక్టరు విజయకుమారి గారి తాబేలు కారూ మునిగింది. అది ఆవిడకి ముందు ఇక్కడ వైద్యం చేసిన దొరసాని డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన ఫోక్సువేగను. ఇంజను వెనకాల, రేడియేటరు లేదు, గాలికే చల్లారుతుంది. ప్రతి గురువారం ఆవిడ ఆ కారులో ఊళ్ళమ్మట వైద్యానికి వచ్చేది. కారు మలుపు తిరగకముందే రాహేలు తాడు రెండుసార్లు లాగేది. "ఎసరు మరిగితే మూత ఆడినట్టు వస్తది ఆవిడ బండి. ఆ చప్పుడు మరి దేనికీ లేదు," అనేది.

నీళ్ళు తీశాక ఆ కారుని ఎడ్లబండికి కట్టి ఈడ్చుకొచ్చి షెడ్డులో పెట్టారు. నాలుగు బోల్టులు విప్పి ఇంజను కిందికి దించితే లోపలంతా ఒండ్రు మట్టి. ఇనప సామాను కరుచుకుపోయింది. లోవమ్మ మొగుడు తాతారావు చుట్టూ తిరిగి చూసి, "ఇంతకీ దీనికి నీళ్ళెక్కడ పోస్తారండి?" అని అడిగాడు.

"పోసింది చాలదా? నీళ్ళెక్కువయ్యే చచ్చింది," అంది రాహేలు.

డాక్టరమ్మ దొరసానికి ఉత్తరం రాస్తే రింగులూ, బేరింగులూ, గాస్కెట్లూ పార్సిల్లో వచ్చేసరికి సంక్రాంతి దాటింది. ఈలోగా జోజి ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, పాత దుప్పటి మీద వరసగా పరిచాడు. వాల్వులు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పి నూరాడు. ఇంజను చుట్టూ ఉండే రేకులు తుప్పుపట్టి చిల్లులు పడితే తాతారావు "అలంకారానికే కదండీ, తీసి పారేద్దురూ" అన్నాడు. ఆ రేకుల మధ్యనుంచే గాలి సిలిండర్ల మీదికి పోతుందని జోజికి తెలుసు. కొత్త రేకు కత్తిరించి ఒక్కొక్కటీ చేశాడు. "నా చీరలకి ఇన్ని అతుకులు ఎప్పుడైనా వేసేవా?" అని రాహేలు దెప్పింది. వరద వెళ్ళాక డాక్టరమ్మ సైకిలు రిక్షాలో తిరుగుతోంది, ఊళ్ళలో సగానికి అందడం లేదు. అందుకే తొందర.

ఫిబ్రవరి నెల. ఆ ఇంజను పొట్ట రెండు చెక్కలుగా ఉంటుంది. మధ్యలో క్రాంకు పెట్టి, దాని కడ్డీలు పైకెత్తి పట్టుకుంటే, రెండో చెక్క తెచ్చి మూయాలి. అంచులకి గమ్ము పూశాక ఆగడానికి లేదు, ఆరేలోగా మూసి, నట్లన్నీ వరస ప్రకారం బిగించాలి. కడ్డీలు పట్టుకోవాల్సింది రాహేలే. ఆ రోజు పొద్దున్న ఆవిడ రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "గుండెల్లో మంటగా ఉందయ్యా. రాత్రి పచ్చిచేపల పులుసు పడలేదు కాబోలు. రేపు చేద్దాం," అంది.

"నువ్వు పడుకో. నేను చూసుకుంటాలే," అన్నాడు జోజి.

కడ్డీలు ఎత్తి కట్టడానికి తాడు కావాలి. ఎదురుగా ఉంది. పిస్టను విప్పి పక్కన పెట్టాడు. షెడ్డు వైపు రెండు బారల తాడు కోసి, మిగతా కొసని దడి గుంజకి కట్టేశాడు. గంట పని, అవగానే ముడేసేద్దామనుకున్నాడు. కోసిన ముక్కతో కడ్డీలు దూలానికి కట్టి, గమ్ము పూసి, తల వంచాడు. మళ్ళీ తల ఎత్తింది ఆఖరి నట్టు బిగిశాకే. పొట్ట ఎంత బాగా మూసుకుందంటే, అంచు మీద గోరు పెడితే ఆగలేదు. ఆ సంతోషంతోనే చేతులు తుడుచుకుంటూ వంటింటికి వెళ్ళాడు, రాహేలుకి చెబుదామని.

ఆవిడ కిటికీ కింద గోడకి చేరబడి కూర్చుంది. తాడు చేతికి మూడు చుట్లు చుట్టుకుని ఉంది. అక్కడి నుంచి గుంజ దాకా బిగుసుకుని ఉంది.

డాక్టరమ్మ రిక్షాలో వచ్చేసరికి చెయ్యడానికి ఏమీ లేదు. "క్షణంలో పోయిందండి జోజిగారూ. ఆవిడకి తెలియను కూడా తెలియలేదు. మీరు పక్కనే ఉన్నా దక్కేది కాదు," అంది. పాస్టరు గారూ అదే అన్నారు. తాతారావు అన్నాడు. సమాధి చెయ్యడానికి వచ్చిన నలుగురూ అన్నారు. జోజి అందరి పెదవులూ చూశాడు. అన్నిటి మీదా ఒకటే మాట, పంపుసెట్టు పక్కన నిలబడి "బానే ఆడతందండి" అన్నప్పటిలాగే. క్షణంలో పోయిన మనిషి తాడు మూడు చుట్లు చుట్టుకుంటుందా?

పదో రోజున లోవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటూ వచ్చి, అతని ఎదుట కొంగు తీసింది. "ఆ రోజు నేను బట్టలుతుకుతున్నానండి. మూడుసార్లు పిలిచింది. ఆగి ఆగి పిలిచింది. రోజూ అరిచే మనిషే గదా అనుకున్నానండి. నన్ను చెప్పు పుచ్చుకు కొట్టండి," అని కూలబడింది.

జోజి ఆవిణ్ణి చెయ్యి పట్టి లేపాడు. పిలుపు విన్నది ఆవిడ, తాడు కోసింది తను. ఇంజను మీద గోనె పట్టా కప్పేసి షెడ్డు మొహం చూడడం మానేశాడు. వండుకోలేదు, ఎవరైనా పెడితే తిన్నాడు. అతనికి కావలసింది ఓదార్పు కాదు. ఆ పూట తాను ఏం పోగొట్టుకున్నాడో, దక్కే మనిషినా, దక్కని మనిషినా, ఒక్కరు నిజం చెబితే చాలు. చెప్పే మనిషి మట్టిలో ఉంది.

మే నెలలో డాక్టరమ్మే వచ్చింది. కారు అడగలేదు. అలా అడగడం మర్యాద కాదు కదా. కానీ రిక్షా దిగినప్పుడు మోకాళ్ళ దాకా దుమ్ము. అవతలి లంకలో ఒక బాలింతరాలికి వేళకి అందలేకపోయానని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం జోజి గోనె పట్టా తీశాడు.

సిలిండర్లు ఎక్కించాడు, హెడ్లు బిగించాడు, రాహేలు దెప్పిన రేకులన్నీ చుట్టాడు. గురువారం పొద్దున్న కారు వెనక భాగం ఎత్తి కొబ్బరి దుంగల మీద నిలబెట్టి, తాతారావూ అతనూ ఇంజన్ని కారు కిందికి తోశారు. అంగుళం అంగుళం ఎత్తారు. గేరుబాక్సు ఇరుసు పళ్ళు క్లచ్చి పళ్ళలో కూర్చోవాలి, ఎంతకీ కూర్చోలేదు. జోజి పుల్లీ మీద చెయ్యి వేసి వెంట్రుకవాసి తిప్పేసరికి లోపలికి జారింది. నాలుగు బోల్టులూ బిగించి, నూనె పోసి, వైద్యానికి వచ్చిన డాక్టరమ్మని తాళం తిప్పమన్నాడు.

మూడోసారికి ఇంజను అందుకుంది. జోజి రేకు మీద అరచెయ్యి పెట్టాడు, అదురు తెలిసింది. వెంటనే తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలో ఎవరూ లేరు. మూడు నెలలై లేరని తెలుసు, అయినా చూశాడు.

"అదిరిపోయిందండి. కొత్తింజనేనండి," అన్నాడు తాతారావు. "చక్కగా ఉందండి," అంది లోవమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

జోజి డాక్టరమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మీరు వినండమ్మా. మనుషుల గుండె వింటారు కదండీ, దానితో వినండి. నాకోసం చెప్పకండి. ఉన్నది చెప్పండి."

డాక్టరమ్మ సంచిలోంచి స్టెతస్కోపు తీసింది. నవ్వులాటగా తీయలేదు. వంగి, కుడివైపు రెండు చోట్ల ఆనించి వింది, ఎడమవైపు వచ్చింది. ముందరి సిలిండరు దగ్గర చాలాసేపు ఆగింది. తాతారావు ఆవిడకి సైగ చేశాడు, బాగుందని చెప్పెయ్యమని. ఆవిడ అది చూసి కూడా జోజి వైపే తిరిగింది.

"మిగతా మూడూ ఒకలా ఉన్నాయండి. ఇది వేరు. సన్నగా, గాజులు తగిలినట్టు మోగుతోంది. బాగాలేదు."

ఆ సిలిండరు మూడో నంబరు. గాజులు. జోజి ఇంజను ఆపమన్నాడు. ఆపాక అడిగాడు.

"అమ్మా. ఇంజను సంగతి నిజం చెప్పేరు. ఇంకో సంగతి కూడా చెప్పండి. రాహేలు పిలిచినప్పుడే నేను చూసుంటే, దక్కేదా?"

లోవమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దండీ డాక్టరమ్మగారూ," అంది, పెదవులు జోజికి కనబడకుండా మొహం పక్కకి తిప్పుకుని. డాక్టరమ్మ మాత్రం తన మొహం తిప్పుకోలేదు. అతను చదువుకునేలా నిదానంగా చెప్పింది.

"అప్పుడే నాకు కబురొచ్చుంటే ప్రయత్నం చేసేదాన్నండి. మందులున్నాయి నా దగ్గర. దక్కేదేమో. తప్పకుండా అని చెప్పలేను. కానీ దక్కేదేమో జోజిగారూ."

"ఆయ్," అన్నాడు జోజి.

అని, కారు మెట్టు మీద కూర్చుని, నూనె చేతుల్లోనే మొహం పెట్టుకుని ఏడ్చాడు. రాహేలు పోయాక అతను ఏడవడం అదే మొదలు. తన గొంతు తనకి వినబడని మనిషి కదా, కాలవ అవతలి దాకా వినబడేలా ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు.

చాలాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, డాక్టరమ్మతో అన్నాడు.

"వేడి మీద వాల్వు సరిచెయ్యకూడదండి. రాత్రంతా చల్లారాలి. రేపు పొద్దున్న రండమ్మా, మూడో నంబరు చూస్తాను. మీరే వినాలి. మరెవరి మాటా నేను నమ్మనండి."