రెండో కౌగిలి

ఎపిఫానియా లాయిమే ఒక్క గుద్దు గుద్దితే పోలీసాయన గుర్రం మోకాళ్ళ మీద కూలబడి, లేచాక ఆమెనే మన్నించమని అడిగింది. అనుమానముంటే వెళ్ళి గుర్రాన్నే అడగండి. మా సంతలో చిచా అనే మొక్కజొన్న కల్లు అమ్ముకునే మనిషే ఆమె. నేను పిన్నీ అంటాను, ఆమె నన్ను దరిద్రుడా అంటుంది.

రాజీ అంటే తగువు తీర్చుకుని కలిసిపోవడం అని మా మాస్టారు బోర్డు మీద రాశాడు. ఎలా తీర్చుకోవాలో మాత్రం రాయలేదు. ఐదో తరగతిలోనే బడీ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాం కాబట్టి, మిగతా అర్థం నేను ఎద్దుల బరిలో నేర్చుకున్నాను. మా కొండల్లో క్రిస్మస్ రోజున తకనాకుయ్ అనే కొట్లాటల పండగ జరుగుతుంది. ఎవరి మీద కోపముందో వాళ్ళని ఇంటిపేరుతో సహా బరిలోకి పిలవాలి. పిడికిళ్ళకు గుడ్డ చుట్టుకుని, ఒకసారి కౌగిలించుకుని, కొట్టుకోవాలి. ఒకరు పడగానే కొరడా పట్టుకుని కాపలా ఉండే పెద్దమనిషి విడదీస్తాడు. అప్పుడు ఇంకోసారి కౌగిలించుకోవాలి. ఆ రెండో కౌగిలి పడితేనే రాజీ. పడకపోతే అది ఉత్త దెబ్బ.

ఎపిఫానియాకూ ఆమె అక్క గ్రిమాల్దాకూ తగువు తల్లి శాలువా దగ్గర మొదలైంది. తల్లి పెళ్ళినాడు కప్పుకున్న ఆ ఎర్రశాలువా తనదవుతుందని ఎపిఫానియా చిన్నప్పటి నుంచీ అనుకుంది. గ్రిమాల్దా దాన్ని తల్లితోపాటే పెట్టెలో పెట్టి పాతేయించింది. ఆ క్రిస్మస్‌కి చెల్లెలు అక్కని బరిలోకి పిలిచింది. ఒక్కటే గుద్దు. గ్రిమాల్దా స్పృహ తప్పితే నలుగురు ఎత్తుకుపోయారు. తెలివొచ్చాక రెండో కౌగిలికి తనే వస్తుందిలే అని ఎపిఫానియా పాటల గుంపు వెంట వెళ్ళిపోయింది. అక్క రాలేదు. చెల్లెలు వెళ్ళలేదు. గడప తొక్కి అడగడమంటే మా వాళ్ళకి ఓడిపోవడమే. అలా ఆరేళ్ళు ఒకే బాట మీద ఎదురుపడి, ఇద్దరూ చెరో కొండని చూస్తూ నడిచారు.

ఏడో క్రిస్మస్‌కి గ్రిమాల్దా బరిలోకి వచ్చింది. దగ్గుతో మనిషి సగమైంది, లంగా నడుం మీద నిలవడం లేదు. మధ్యలో నిలబడి, "ఎపిఫానియా లాయిమే, రా" అని మూడుసార్లు పిలిచింది.

పగ తీర్చుకోవడానికే వచ్చిందనుకున్నాం అందరం. అక్క చేతిలో దెబ్బలు తింటావని భయమా పిన్నీ అని నేనే ఎగదోశాను. ఎపిఫానియా చిచా కుండ మీద మూత పెట్టి లేచింది.

"ఆ ఎముకల మూటని కొట్టి పేరు చెడగొట్టుకోమంటావా? ఇంటికి పోయి కషాయం తాగమను."

అనేసి ఇంటిదారి పట్టింది. గ్రిమాల్దా ఇంకాసేపు అక్కడే నిలబడింది. కొరడా పెద్దమనిషి వచ్చి, పద తల్లీ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

ఫిబ్రవరి వానల్లో గ్రిమాల్దా పోయింది. పాతిపెట్టిన వారానికి ఆమె మొగుడు తోరిబియో చిచా దుకాణం ముందు నిలబడ్డాడు. తాగడానికి రాలేదు.

"చేతులకి గుడ్డ చుట్టుకుని పోవే అన్నాను మరదలా, ఆ రోజు. చెల్లెల్ని కౌగిలించుకోడానికి గుడ్డలెందుకు అంది."

నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు బరిలో గ్రిమాల్దా చేతులు వట్టివని చూశాను కూడా. చూసి, గుడ్డ కొనుక్కోడానికీ లేదు పాపం అని నవ్వించాను నలుగురినీ. ఎపిఫానియా గ్లాసులు కడిగినవే మళ్ళీ కడిగింది.

ఇప్పుడు సంతకొచ్చే పొరుగూరివాళ్ళు అడుగుతుంటారు, అక్కాచెల్లెళ్ళు చివరికి కలిశారా అని. కలవలేదని చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకని, శ్మశానంలో ఎపిఫానియా పెట్టె మూత ఎత్తించి అక్కని కావలించుకుందనీ, అందరం చూస్తుండగా గ్రిమాల్దా చెయ్యి కదిలి చెల్లెలి వీపు మీద పడిందనీ చెబుతాను. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, ఇంకో గ్లాసు అడుగుతారు. మొన్న కూడా అలాగే చెబుతుంటే ఎపిఫానియా గ్లాసు నింపుతూ, తల ఎత్తకుండానే అంది.

"మూత ఎవరూ తియ్యలేదు. నేను పోయేసరికి మట్టి కూడా కప్పేశారు."