ఆకు పెట్టని చోట ఎరుపు

మా చెల్లెలికి రక్తంలో క్యాన్సరని తేలాక, ఎవరి మూలకణాలు దానికి సరిపోతాయో చూడాలని ఇంట్లోవాళ్ళందరినీ రక్తపరీక్షకు రమ్మన్నారు. బెంగుళూరులో పెద్దాసుపత్రి. జమ్మలమడుగు నుంచి మా అమ్మ వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి నేను పోయాను. చెల్లెలి మొగుడిది, అంటే నా మరిదిది, పులివెందుల. చీనీ బత్తాయి నర్సరీలో నాటు మొక్క మొద్దుకు మంచి కొమ్మను అంటు కట్టే పని. భార్యాభర్తలవి మామూలుగా కలవవని నర్సు చెబుతున్నా వినకుండా చెయ్యి చాపాడు.

"పదహైదేండ్లు ఒకే ఇంట్లో ఒకే కూడు తిన్యామమ్మా. కలవకుండా యాడికి పోతాది?"

కలవలేదు. అమ్మది సగం కలిసింది. నాది పూర్తిగా కలిసింది.

ఆ మాట విని అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "దువ్వెన కాడ కొట్టుకున్యారు, మంచం కాడ కొట్టుకున్యారు. రక్తం మాత్రం కలిసిందా మే మీకు!"

అమ్మ చెప్పింది అబద్ధం కాదు. జమ్మలమడుగులో మా పెరట్లో బావి పక్కన గోరింటాకు చెట్టు ఉంది. ఆషాఢంలో అమ్మ రుబ్బి ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి పెట్టేది. దాని చెయ్యి నేరేడు పండులాగా పండేది. నాది కుంకుడు రసంలో ఉతికినట్టు వెలిసిపోయి ఉండేది. ఒకసారి అది మధ్యాహ్నం ఆకు పెట్టుకుని కునుకు తీస్తుంటే, చెంబుతో నీళ్ళు తెచ్చి దాని చేతి మీద పోశాను. ఆకంతా కారిపోయింది. అయినా ఆ మాత్రానికే ఎర్రగా పండింది ఆ దొంగమొహానికి. అది నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

రక్తం కలిసిందన్న సంతోషం నాకు ఒక పూట కూడా నిలవలేదు. సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. నా మూలకణాలు చెల్లెలి ఎముకల్లోని మూలుగలోకి పోయి కాపురం పెడతాయట, కొత్త రక్తం చేస్తాయట. అయితే వాటితోపాటు నా ఒంటికి కాపలా కాసే కణాలు కూడా పోతాయి. వాటికి ఆ ఇల్లు కొత్త. ఇంటావిడనే పరాయిదనుకుని ఆమె చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద పడవచ్చు. ముదిరితే ప్రాణం మీదికి రావచ్చు. అలా పడకుండా చూసుకోవడమే ఇక మనందరి పని అంది.

మరిది తల గోక్కున్నాడు. "మా నర్సరీలో మొద్దు ఒప్పుకోకపోతే అంటు ఎండిపోతాది మేడం. ఈడ ఉల్టానా? అంటు పోయి మొద్దును కొరుకుతాదా?"

"అంతే. బాగా పట్టుకున్నారు మీరు."

"అన్నీ కలిసినా కూడానా?" అని నేను అడిగాను.

"అన్నీ కలిస్తే తక్కువ. అసలు రాదని చెప్పలేను."

అప్పటినుంచి నాకు ఒకటే భయం. అది చచ్చిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంది. నాకు దాని పైన ఇంకోటి ఉంది. నా రక్తమే దాన్ని తినేస్తే?

ఐదు రోజులు నాకు సూదులు వేశారు. నడుము ఎముకల్లో ఎవరో లోపల కూర్చుని తలుపు తడుతున్నట్టు ఉండేది. ఆరో పొద్దు నన్ను పడుకోబెట్టి, ఒక చేతిలోంచి రక్తం తీసి యంత్రంలో తిప్పి ఇంకో చేతిలోకి వెనక్కి పంపారు. సంచిలో మూలకణాలు కొంచెం కొంచెంగా చేరాయి, పలచటి దానిమ్మ రసం లాగా. నర్సు దాన్ని తీసుకుపోతుంటే ఒక్క నిమిషం ఆగమన్నాను. సంచి మీద వేలు పెట్టి, "గమ్మునుండు. ఆడుండేది నా చెల్లెలు. దాని మీదికి పోయినావంటే చూడు" అన్నాను. నర్సుకు తెలుగు వచ్చో రాకో, నవ్వింది.

మూలకణాలు ఎక్కించిన మూడో రోజు, నాలుగో రోజు చెల్లెలికి ఒక మందు ఎక్కించారు. అదెందుకని అడిగితే డాక్టరమ్మ చెప్పింది. కొట్లాటకు తొడగొట్టే కణాలు ముందుగా లేచి నిలబడతాయట, లేచినవాటిని ఆ మందు పడగొడుతుందట, కూర్చున్నవి బతుకుతాయట. "అయితే మా ఊర్లో కూడా చల్లచ్చు మేడం ఆ మందు" అన్నాడు మరిది. జ్వరంతో పడుకున్న మా చెల్లెలు కూడా ఆ మాటకు నవ్వింది.

తర్వాత నా కణాల పొగరు అణచి ఉంచే మాత్రలు. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం తొమ్మిదికి. రక్తపరీక్ష ఉన్న రోజు మాత్రం రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేదంటే మందు ఎంత ఉందో లెక్క తప్పుతుంది. పంపరపనస ముట్టకూడదు, అది ఆ మందును రక్తంలో పెంచేస్తుంది. ఎండ తగలకూడదు. మట్టి, ఎరువు, బూజు దగ్గరికి పోకూడదు. ఆసుపత్రివాళ్ళను అడగకుండా ఏ ఆకు మందూ వాడకూడదు.

వంద రోజులు ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉన్నాం. ఆ తర్వాత ఇంటికి పంపారు. పులివెందులలో వాళ్ళిల్లు నర్సరీలోనే, వాకిట్లోనే ఎరువు కుప్ప. అందుకని ప్రొద్దుటూరికి, మా ఇంటికి తెచ్చుకున్నాను. మేముండే ఇంటి యజమానురాలు ముసల్మానుల ఆవిడ. మొగుడు కువైట్లో, ఆమె ఇక్కడ పెళ్ళికూతుళ్ళకు గోరింటాకు పెడుతుంది. మేడ మీద గది తనే ఫినాయిల్‌తో కడిగించి ఇచ్చింది. "దానికి సపరేటు బాత్రూం ఉండల్లంట గదమ్మే. ఈడైతే ఎవరూ రారు" అంది. మరిది ఆదివారం ఆదివారం వచ్చేవాడు. కింద స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, మాస్కు కట్టుకుని, పైమెట్టు మీద కూర్చుని గడప అవతలి నుంచి పెండ్లాంతో మాట్లాడి పోయేవాడు. పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత దూరం కూర్చోలేదని చెల్లెలు ఎగతాళి చేసేది.

ఆసుపత్రివాళ్ళు గళ్ళ కాగితాలు ఇచ్చి పంపారు. జ్వరం ఎంత, ఏం తిన్నది, విరేచనాలు ఎన్ని, చర్మం మీద ఎరుపు ఉందా లేదా. నేను ఐదో తరగతి దాకే చదివాను. నాకు రాత తక్కువ, గుర్తు ఎక్కువ. అయినా ఒక్కరోజు కూడా ఆ గళ్ళు ఖాళీగా పెట్టలేదు.

అంతా బాగుందని డాక్టరమ్మ మాత్రలు వారం వారం తగ్గిస్తూ వచ్చింది. తగ్గించేటప్పుడే జాగ్రత్తగా చూసుకోమని కూడా చెప్పింది. అట్లా తగ్గిస్తున్న రోజుల్లో ఆషాఢం వచ్చింది. జమ్మలమడుగు నుంచి అమ్మ సంచి నిండా గోరింటాకు పట్టుకుని దిగింది.

చెల్లెలు రెండు రోజులుగా అరచేతులు మండుతున్నాయని అంటోంది. కొంచెం ఎర్రగా కూడా ఉన్నాయి. వేడినీళ్ళతో గిన్నె కడుక్కుంది కదా, అందుకేలే అనుకున్నాను.

"మందుల వేడి మే అది," అంది అమ్మ. "ఆకు పెడ్తే చల్లబడ్తాది. ఆషాఢం గూడా. తెల్లచేతుల్తో ఎన్నాళ్ళు కూచుంటాది బిడ్డ?"

"ఆకు మందులు వద్దన్యారు గదమ్మా ఆడ."

"ఇది మందేంది? గోరింటాకు!"

నాకూ నిజమే అనిపించింది. గోరింటాకును మందని ఎవరంటారు? అది చేతికి పెట్టుకునే సొగసు. పైగా చెల్లెలి మొహం చూస్తే, రెండేళ్ళుగా ఆసుపత్రి గోడలు చూసిన మొహం, ఆ ఆకు వాసనకు వెలిగిపోయింది. అమ్మ రుబ్బి పెట్టింది. అరచేతి నడుమ చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. అరికాళ్ళ చుట్టూ కూడా పెట్టింది. ఆకు ఉన్నంతసేపు మంట లేదని చెల్లెలు కళ్ళు మూసుకుంది.

కడిగేశాక చూస్తే ఎర్రగా పండింది. మేం ముగ్గురం మురిసిపోయాం. ఆరోజు గళ్ళ కాగితంలో ఎరుపు ఉందా అన్నచోట 'లేదు' అని రాశాను. ఉన్నది గోరింటాకు ఎరుపు కదా, దాన్ని వాళ్ళడిగారా?

మరుసటి రోజు పన్నెండు గంటలప్పుడు ఇంటావిడ మజ్జిగ చెంబుతో పైకి వచ్చింది, మరగకాచిన నీళ్ళలో కలిపిందని ఒట్టేసి చెబుతూ. చెల్లెలు ఆమెకు చేతులు చాపి చూపించింది. "అక్కా, నువ్వు పెట్టేదాని కంటే మా అమ్మ పెట్టిందే బాగా పండింది చూడు."

ఆమె నవ్వుతూ చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో తిప్పి చూసింది.

"మ్మే, ఇట్ల రా," అని నన్ను పిలిచింది. "ఈడ చందమామ. ఈడ చుక్క. ఈ నడుమ సందులో ఆకు పెట్టినారా?"

"ల్యా."

"మరి ఆకు పెట్టనిచోట ఎట్ల పండింది?"

నేను చూశాను. చందమామకూ చుక్కలకూ నడుమ తెల్లగా ఉండాల్సిన చోటు మిరపపండు రంగులో ఉంది.

"ఎన్ని వేల చేతులు చూసింటా నేను," అంది ఆమె. "మొదటి దినం ఆకు నారింజ రంగే పండ్తాది, మర్నాటికి ముదురుతాది. అంచు గీత గీసినట్టుంటాది. దీనికి అంచే ల్యా. ఇది ఆకు ఎరుపు కాదమ్మే, లోపల్నుంచి వస్తాండాది. ఫోన్ చెయ్యి."

నేను ఫోన్ అందుకున్నాను. అమ్మ గోడకు ఆనుకుని, "నేనే చేసినానా మే? నేనే పెట్టినానా?" అంటోంది. ఆసుపత్రి నంబరుకు చేస్తే నర్సు చెవుల వెనక చూడమంది. అక్కడ కూడా ఎరుపే. మెడ మీద సన్నగా పేలినట్టు ఉంది. డాక్టరమ్మ వీడియోలో చూసి, ఒక్క మాట చెప్పింది. "ఈరోజే బయలుదేరండి. రేపు వద్దు."

అద్దె కారు పిలిచాం. ముద్దనూరు మీదుగా పోతుంటే కరెంటు తయారుచేసే ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడ్డాయి. చెల్లెలు వాటి వైపు తిరిగి కూర్చుంది. పులివెందుల బస్టాండు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. నర్సరీ నుంచి అట్లే వచ్చినట్టున్నాడు, కొళాయి దగ్గర మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని, చొక్కా మార్చుకుని, కొత్త మాస్కు కట్టుకుని ముందు సీట్లో ఎక్కాడు.

నేను ఆపుకోలేకపోయాను. "అప్పా, నా రక్తమే దాన్ని కొరుకుతాండాది. ఆ పొద్దు సంచికి చెప్పినా గమ్మునుండమని. విన్లేదు."

అతను వెనక్కి తిరిగాడు. "వదినా, అంటు బతికింటేనే గదా కొరికేది? చచ్చిన అంటు ఏం జేస్తాది? నీ అంటు పట్టింది. పట్టిందానికి పొగరు. దాన్ని దారికి తేవల్ల, అంతే."

చెల్లెలు అప్పుడు నోరు తెరిచింది. "చిన్నప్పుడు నా చేతి మీద నీళ్ళు పోసింది గదా. ఆ పొగరే ఇది. ఇంగా తగ్గల్యా." అని నా భుజం మీద తల వాల్చింది. ఏడుస్తూనే నవ్వాను. కదిరి దాటేదాకా తలెత్తలేదది.

ఆసుపత్రిలో చర్మం ముక్క చిన్నది తీసి పరీక్షకు పంపారు. కాలేయం బాగుంది, విరేచనాలు లేవు. చర్మం మీద ఆగింది, ఇంకా లోపలికి పోలేదు. తగ్గించిన మాత్రలు మళ్ళీ పెంచారు, పూతమందు ఇచ్చారు, ఇంకో రకం మాత్రలు కొన్నాళ్ళు వాడమన్నారు. అమ్మ చేసిన పనిని నేనే చెప్పాను, గళ్ళలో 'లేదు' అని రాసిన సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. డాక్టరమ్మ చెల్లెలి చెయ్యి తిప్పి చూసి, "ఆకు వల్ల ఇది రాలేదు. కానీ ఆకు దీన్ని దాచింది. ఇంకో వారం దాచి ఉంటే కష్టమయ్యేది. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది.

"మా ఇంటావిడ. గోరింటాకు పెడ్తాది," అన్నాను.

"ఆమెకు నా థ్యాంక్స్ చెప్పండి," అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది, అది నేను మర్చిపోలేదు. కొంచెం కొట్లాట పూర్తిగా చెడ్డది కాదట. ఎక్కడైనా మిగిలి దాక్కున్న క్యాన్సరు కణాలుంటే నా కాపలా కణాలే వాటినీ ఏరేస్తాయట. పోట్లాట ఉండాలి, చెల్లెలి మీద కాకుండా దాని శత్రువు మీద ఉండాలి. ఆ మాట విన్నాక నాకు నా రక్తం మీద కోపం కొంచెం తగ్గింది.

పది రోజులకు ఎరుపు వెలిసింది. గోరింటాకు రంగు మాత్రం అంతకంటే మొండిగా గోళ్ళ మీద ఉండిపోయింది. ఆ రంగు కింద గోళ్ళు ఎర్రగా ఉన్నాయో పాలిపోయాయో తెలియక, పరీక్షకు పోయిన ప్రతిసారీ నర్సులు విసుక్కునేవాళ్ళు. గోరు పెరిగి పెరిగి పోయేదాకా చెల్లెలు వాళ్ళతో మాటలు పడింది.

ఇది జరిగి ఏడాది దాటింది. మాత్రలు మళ్ళీ తగ్గించారు, ఈసారి ఇంకా నిదానంగా. ఇప్పుడు రోజుకు ఒకటే. దాని రక్తం గ్రూపు కూడా మారి నాది వచ్చింది. వాళ్ళ వాకిట్లోని ఎరువు కుప్పను మరిది తోట చివరికి మార్చాడు, ఇంటికి సున్నం కొట్టించాడు, పోయిన నెలలో పెండ్లాన్ని తీసుకుపోయాడు.

ఈ ఆషాఢంలో చూసి వద్దామని నేనూ అమ్మా పులివెందుల పోయాం. అమ్మ ఆకు తేలేదు. సంచిలో వేరే ఏవో ఉన్నాయి గానీ ఆకు లేదు. చెల్లెలు నీడలో కుర్చీ వేసుకుని, పొడుగు చేతుల జాకెట్టులో కూర్చుని ఉంది. అమ్మ పోగానే ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "చెయ్యి చూపీ" అంది.

చెల్లెలు రెండు చేతులూ చాపింది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు, అన్నీ చూసింది. కడిగిన బియ్యంలాగా తెల్లగా ఉన్నాయి.

"తెల్లగుండాయి మే," అంది అమ్మ, ఆషాఢంలో కూతురి చేతులు తెల్లగా ఉన్నందుకు పొంగిపోతూ. "శానా తెల్లగుండాయి."

"అక్కకు పెట్టమ్మా ఆకు," అంది చెల్లెలు. "ఇప్పుడు రక్తం ఒకటే గదా. ఈసారైనా పండుతాదేమో చూస్తాం."