తనిఖీ రిజిస్టరు జోలికొచ్చిన మిషన్

నోరు విప్పినవాణ్ని జైల్లో వేసే దేశం నుంచి మా గనికి బొగ్గు కోసే మిషన్ వచ్చింది. మిషన్ మంచిదే. కొన్నందుకు నేనెవర్నీ తప్పుపట్టను. దానితో వచ్చినవాళ్ల ముందు మన అధికారులు వంగిన తీరే నాకు నచ్చలేదు. గోదావరిఖనిలో దొరికే పెద్ద పూలదండలన్నీ ఆ వారం వాళ్ల మెడల్లోనే ఉన్నాయి.

అప్పుడు నేను కార్మికుల తరఫున గని తనిఖీ చేసేవాణ్ని. కంటపడ్డ లోపాన్ని రిజిస్టరులో సొంత చేత్తో రాయాలి. దాని కింద మేనేజరు జవాబు రాయాలి. అది చట్టం. నలభై దాటాక నా బిడ్డ పలక మీద అక్షరాలు దిద్దినవాణ్ని, ఒక్క వరుసకు పావుగంట పట్టేది. అయినా రాసేవాణ్ని.

ఒకరోజు మిషన్ దగ్గర నెత్తిమీది కప్పును కర్రతో కొట్టి చూశాను. గుల్ల చప్పుడు, అంటే పైన రాయి వదులైంది. కప్పును మోసే జాకీల్లో రెండింటి నుంచి నూనె కారుతోంది. ఆ దేశపు ఇంజనీరు తన కంప్యూటర్ తెర చూపించాడు. అంతా బాగుందట. రెండో షిఫ్టులో పన్నెండు మంది ఆ కప్పు కిందికే వెళ్లాలి.

పైకొచ్చి రిజిస్టరు అడిగితే మేనేజరు నా ముందు ఒక కాగితం పెట్టాడు. మిషన్ లోపాలు రాయను, వాళ్లకు నోటితో మాత్రమే చెబుతాను అని నేను సంతకం చేయాలట.

"వాళ్లకు గిట్ల రాసుడు పడదే అన్నా. కోపమొస్తే మిషన్ సామాను ఆపుతరు."

"ఆపితే నీ కుర్సీ పోతదా సారూ?"

"నాదొక్కటేనా? గని మూతపడ్తది."

"మిషన్ కొన్నం. వాళ్ల రాజ్యం గూడ కొన్నమా?"

కాగితం అవతలికి నెట్టి రిజిస్టరు లాక్కున్నాను. రెండు వరుసలు రాసేలోపు ఆయన మూడుసార్లు చెమట తుడుచుకున్నాడు. అంత చదివినవాడికి నా వంకర అక్షరాలంటే అంత భయం. ఇక ఏదైనా జరిగితే తన మెడకే చుట్టుకుంటుంది కాబట్టి, షిఫ్టు ఆపుతున్నట్టు కింద జవాబు రాశాడు. జాకీలు మార్చాకే మిషన్ కదిలింది. సామాను ఎవరూ ఆపలేదు. అమ్ముకునేవాడికి కొనేవాడు కావాలి కదా.

ఆ సాయంత్రం ఇంజనీరు ఏదో అడిగితే, దుబాసీగా వచ్చిన మంచిర్యాల అమ్మాయి నవ్వింది.

"గట్ల రాసినందుకు నిన్ను ఏం జేస్తరని అడుగుతుండు కాకా."

"రేపు మొదటి షిఫ్టుకొస్తనని చెప్పు."

అతను నమ్మలేదు. మర్నాడు పొద్దున హాజరు వేసే కిటికీ దగ్గరికి వెళ్లేసరికి, పని లేకపోయినా వచ్చి నిలబడి ఉన్నాడు. నన్ను కాళ్ల నుంచి తలదాకా చూశాడు. నా వెనక పోలీసులెవరైనా వస్తున్నారేమోనని కూడా చూశాడు.