చెంగమ్మను నిలబెట్టేదెవరు?

నేను అడిగినదానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. మీటింగులో చెబితే నవ్వారు, రాసిస్తే పక్కన పడేశారు. అందుకే చెంగమ్మ సంగతి మీకు చెబుతున్నాను.

పోయినేడు వానాకాలం. తిరుపతి దగ్గర ఒక పెద్దాసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయినవాళ్లను లేపి మళ్లీ నడిపించడం నా పని. చేరిన కొత్తలో బైకు మీద నుంచి పడిన కుర్రవాళ్లే ఎక్కువగా వచ్చేవారు. ఇప్పుడు బెంచీ నిండా తల నెరిసినవాళ్లే. గది మాత్రం అదే, మనిషినీ నేనొక్కణ్ణే.

చంద్రగిరి అవతల పల్లెలో ఉండే చెంగమ్మకు డెబ్బై దాటాయి. కొట్టంలో పేడ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. డాక్టర్లు కీలు మార్చారు. నేను వాకర్, అంటే నాలుగు కాళ్ల ఊతం, చేతికిచ్చి నడిపించేవాణ్ణి.

"నన్నే ఇట్ల తరుముతా ఉండావే సామీ, ఇంట్లో నీ పెండ్లాం ఎట్ల ఏగతా ఉండాదో!" అనేది.

"ఆమే నన్ను తరుముతాది అవ్వా. నువ్వు అడుగెయ్యి."

సాయంత్రం పాలు పిండే వేళకు ఆమె చూపు కిటికీ వైపు పోయేది. తనకు తెలియకుండానే వాకర్ పిడులను ఒక చేత్తో, తర్వాత ఇంకో చేత్తో పిసుకుతూ ఉండేది.

"నేను మెడ నిమిరితేనే మా ఆవు సేపి పాలిస్తాది సామీ. కోడలు ఒక్కతే పోతే తంతాది. మళ్ల కూర్సోని పిండేకి అయితాదా?"

"కింద కూర్చుంటే కొత్త కీలు జారిపోతాది అవ్వా. నువ్వు నిలబడి మెడ నిమురు, కోడలు పిండుతాది."

ఆ మాట పట్టుకుంది. "అంతసేపు నిలబడేటట్ల చెయ్యి. సాలు."

అందుకు ఇంకొన్ని వారాలు పట్టేది. కానీ బయట స్ట్రెచర్ మీద తుంటి విరిగిన ఇంకో ముసలాయన ఎదురు చూస్తున్నాడు. మంచం కావాలని చెంగమ్మను ఇంటికి పంపేశారు. వారం వారం తీసుకురమ్మన్నాను. కొడుకుది శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని. తల్లిని తీసుకొస్తే ఆ రోజు జీతం పోతుంది, పైన ఆటో బాడుగ. కొన్నాళ్లకు రావడం మానేశారు.

వారానికొక మధ్యాహ్నం ఆసుపత్రి బండి ఇస్తే ఇలాంటివాళ్ల ఇళ్లకే పోయి నడిపిస్తానని మీటింగులో అడిగాను.

"ముసలోళ్లకు నడక నేర్పించి పరుగుపందేనికి పంపుతావా అప్పా?" అన్నారు ఒక పెద్ద డాక్టరు. గదంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు బాగా గుర్తుంది.

చెంగమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి స్ట్రెచర్ మీద. మోకాళ్లు బిగుసుకుపోయాయి. నడుము కింద బెడ్ సోర్, కదలకుండా పడుకుంటే పడే పుండు. ఆపరేషన్ అప్పటికంటే ఎక్కువకాలం ఈసారి ఆసుపత్రి మంచం మీద ఉంది. ఈ మందులకూ డ్రెస్సింగులకూ అయిన ఖర్చుతో నా బండి ఎన్ని పల్లెలు తిరిగేదో ఎవరూ చూడలేదు. త్వరగా ఖాళీ చేయించిన మంచానికే మనిషి ఇంకా పాడై తిరిగొస్తుందని నేను నేర్చుకున్నాను. నేర్చుకోవాల్సింది నేను కాదు.

"ఆవు ఎట్లుండాది అవ్వా?" అని అడిగాను.

"అమ్మేసినారు సామీ. కొన్నోళ్లది పక్కూరే." నా చెయ్యి పట్టుకుంది. "నన్ను నిలబెడతావా? ఒక్కసారి పోయి మెడ నిమిరి వస్తా."

పుండు మానుతోంది. రేపోమాపో డిశ్చార్జి చేస్తారట. ఇంటికి పోయాక ఆమెను ఎవరు లేపుతారు? ఆ రోజు నవ్వినవాళ్లనే అడుగుతున్నాను, ఆ బండి ఇస్తారా, ఇవ్వరా? నాకు చెప్పకపోయినా సరే. ఆమె మంచం దగ్గరికి వచ్చి, ముఖం చూసి, ఆమెకు చెప్పండి.