ఖోఖో ఆడే మోకాలు

కోదాడలో మాది ఇడ్లీ బండి. పొద్దున్నే నేను పొయ్యి వెలిగించే వేళకు మా పిల్ల గ్రౌండుకు ఉరికేది. ఎనిమిదో తరగతి. ఖోఖో అంటే ప్రాణం. సూర్యాపేటలో జిల్లా జట్టుకు సెలెక్షన్స్ ఉన్నాయని బడిలో ఆటల సారు దాని పేరు పంపాడు. ఇక ఇంట్లో వేరే మాట లేదు. అన్నం పళ్లెం ముందు కూడా గొంతుక్కూర్చుని, దానికదే "ఖో" అనుకుని లేచి పరుగెత్తేది. "కుదురుగ కూసోని తినవే, తిన్నది ఒంటికి పట్టొద్దా!" అని రోజూ తిట్టేదాన్ని.

ఒకరోజు మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది. ఏమైందే అంటే ఏం లేదంది. పట్టుకుని కూర్చోబెట్టి చూస్తే మోకాలి చిప్ప కింద బుడిపె. వేలు ఆనించానో లేదో, "అమ్మా!" అని ఎగిరిపడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎన్నాళ్లుగా దాచిందో దొంగముఖంది.

బండి మూసేసి మిర్యాలగూడ తీసుకెళ్లాను. అక్కడి ఎముకల డాక్టరు ఇంతకు ముందు మా తమ్ముడి కాలు బాగుచేశాడు. ఎక్స్‌రే తీయించి చూశాడు.

"భయమేం లేదమ్మా. ఎదిగే వయసు. ఎముక జల్ది పెరుగుతది, కండ దాన్ని గుంజుతది. ఆటలాడే పిల్లలకు ఎక్కువైతది. దానంతటదే తగ్గుతది గానీ, అప్పటిదాంక ఉరుకుడు, దుంకుడు బంద్. ఐస్ పెట్టు."

"ఎన్ని రోజులు సార్?" అంది పిల్ల.

"కొందరికి నెలలు పడ్తది బిడ్డా."

"సెలెక్షన్స్ ఉన్నయి సార్."

"వచ్చే ఏడు ఆడు తియ్."

వచ్చే ఏడట! పెద్దవాళ్లకేం, నోటికి వచ్చినంత తేలిగ్గా చెప్తారు. పదమూడేళ్ల పిల్లకు వచ్చే ఏడంటే ఎప్పటికి? బస్టాండులో కోదాడ బస్సు కోసం కూర్చున్నప్పుడు అది నా కొంగు పట్టుకుని, "మమ్మీ, ఎదగకుండ ఆపేటందుకు మందేమన్న ఉంటదా?" అని అడిగింది. "నోర్ముయ్, అవేం మాటలు!" అని కసిరాను. కసిరి, అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ తర్వాత నేను చేయని పని లేదు. పక్కన చెరుకు రసం బండి దగ్గర ఐస్ ముక్కలు తెచ్చి తువ్వాలలో చుట్టి మోకాలికి పెట్టేదాన్ని. కనబడ్డ దేవుడికల్లా మొక్కేదాన్ని. బడికి పోయి ఆటల సారుతో పోట్లాడాను కూడా. ఆయనేమో, "నేనేం చేసేదండీ? ఆడగలిగితే పంపుతాను, లేకపోతే లేదు. బలవంతం ఏముంది?" అన్నాడు. నిజమే, ఆయన తప్పేముంది? ఎవరిని తిట్టాలో తెలియక కనబడినవాళ్లందరినీ తిట్టాను. పిల్లకు మాత్రం పొద్దస్తమానం ఒకటే పని. బూట్లు ముందేసుకుని లేసులు కట్టడం, విప్పడం.

సెలెక్షన్స్ దగ్గర పడ్డాయి. ఒక మధ్యాహ్నం బండి కట్టేసి ఇంటికొచ్చేసరికి ఘాటైన కాలిన వాసన. లోపల మంచం మీద పిల్ల చున్నీ పళ్ల మధ్య కరుచుకుని పడుకుంది. పక్కన మా అత్తమ్మ, చేతిలో సూది, సూదికి గుచ్చిన నల్లజీడి గింజ. దాన్ని దీపం మీద కాలిస్తే నూనె కారుతుంది. ఆ నూనెను నొప్పి ఉన్నచోట చుక్కలుగా పెడతారు. మా దిక్కు పాతవాళ్లకు కీళ్ల నొప్పి అంటే అదే మందు. తోలు కాలి పొక్కుతుంది.

"ఓ అత్తమ్మా, నా కొంప ముంచినవు గదా!" అని నెత్తి కొట్టుకున్నాను.

"నాకు పెట్టలేదా? నడుం పట్టుకుంటే పెట్టిన్రు. మర్నాడే వరి నాటుకు పోయిన," అంది ఆమె.

"నీది ముదిరిన తోలు! గిది పసి తోలు!"

పిల్ల చున్నీ తీసింది. "నాయనమ్మను అనకు మమ్మీ. నేనే పెట్టుమన్న. మంటకు ఓర్సుకుంటే నొప్పి పోతదన్నది. ఓర్సుకున్న."

తెల్లారేసరికి మోకాలంతా పొక్కులు, వాపు. కాలు వంచితే ఒట్టు. కోదాడ దవాఖానలో కట్టు కట్టి, నన్ను నాలుగు తిట్టి పంపారు. ఆ తిట్లన్నీ పడ్డాను. అత్తమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. గడపలో కూర్చుని, "నా చేతులు ఇరగ" అనుకుంటూ కళ్లు తుడుచుకుంది. ఆమెను ఇంకేమంటాను?

సెలెక్షన్స్ రోజు పిల్ల, "ఊకె సూసొస్త మమ్మీ. దోస్తులు ఆడుతుంటే సూస్త, అంతే," అని బతిమాలింది. కాదనలేక సూర్యాపేట తీసుకెళ్లాను. గ్రౌండు అంచున నీడలో కూర్చున్నాం. ప్యాంటు కింద కట్టు ఉన్నట్టే తెలియదు. పేరు తీసేయమని నేను ముందే సారుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన మర్చిపోయాడో, పిల్లే తీసేయొద్దని చెప్పిందో, మైకులో దాని పేరు పిలిచారు.

లేవబోయింది. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఒక్క రౌండ్ మమ్మీ. ఒక్కటే. నొప్పి లేదు, నీ మీద ఒట్టు."

ప్యాంటు మీద మోకాలి దగ్గర తడి మరక పైకి తేలుతోంది. పొక్కు పగిలింది. మైకులో మళ్లీ పిలిచారు. నా గుండె నన్నే తిట్టింది, వదిలెయ్యవే ఒక్క రౌండు అని. అది రెండో చేత్తో నా వేళ్లు ఒక్కొక్కటే విప్పుతోంది.

"వచ్చిందా, రాలేదా?" అని మైకులో అడిగారు.

"రాలేదు సార్!" అని నేనే అరిచాను. గ్రౌండంతా వినబడింది.

వెంటనే ఇంకో పేరు పిలిచారు. అప్పటిదాకా గుంజుకుంటున్న చెయ్యి నా చేతిలో మెత్తబడిపోయింది.

"ఇగ ఇడువు మమ్మీ," అంది. "నేనేడికి పోను."